లినక్స్ మొరాయిస్తే ముందు లాగ్ చూడాలి

అమెరికాలోని అల్ఫారెట్టా (జార్జియా) కేంద్రంగా ఉన్న లెక్సిస్‌నెక్సిస్ రిస్క్ సొల్యూషన్స్ తన హెచ్‌పీసీసీ సిస్టమ్స్‌ను 2011లో ఓపెన్ సోర్స్ చేసింది. లినక్స్ సర్వర్లను కలిపి భారీ డేటాను విశ్లేషించే వేదిక ఇది. ఇందులోని థోర్ అనే భాగం డేటాను శుద్ధి చేస్తే, రాక్సీ అనే భాగం ప్రశ్నలకు జవాబిస్తుంది. ఇన్ని యంత్రాలున్న చోట లోపం సాఫ్ట్‌వేర్‌దా, హార్డ్‌వేర్‌దా అన్నది ఊహతో తేలదు, లాగ్ చూడాలి. కెర్నల్ సందేశాలను చూపే ‘డీమెసేజ్’ (dmesg) కమాండ్ ఇచ్చినప్పుడు ‘ఐ/ఓ ఎర్రర్’ పదేపదే కనిపిస్తే డిస్క్‌నో, కేబుల్‌నో, కంట్రోలర్‌నో అనుమానించాలి. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఉంటే మాత్రం మెమరీ చాలక కెర్నలే ఒక ప్రోగ్రామ్‌ను ఆపేసిందని అర్థం, ర్యామ్ పాడైందని కాదు. ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి.

రీస్టార్ట్ చేస్తే సరిపోదా అని అడగవచ్చు. సేవలు త్వరగా మొదలవడం ముఖ్యమే. కానీ కెర్నల్ సందేశాలుండే రింగ్ బఫర్ ర్యామ్‌లోనిది, రీస్టార్ట్‌తో చెరిగిపోతుంది. లాగ్‌లను డిస్క్‌లో దాచే ఏర్పాటుంటేనే ‘జర్నల్‌సీటీఎల్’ కమాండ్ గత బూట్ వివరాలు చూపగలదు.