తపాలా ఆగింది, అసైన్‌మెంట్ ఆగలేదు

దూరవిద్యే కదా, లాక్‌డౌన్ వస్తే దానికేమవుతుంది అనుకున్నారు చాలామంది. 2020 మార్చి 25న దేశం మూతపడగానే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) విద్యార్థికి పుస్తకాల పార్సిల్ ఆగింది. సెలవు రోజున అధ్యయన కేంద్రంలో జరిగే క్లాసు ఆగింది. అక్కడి బల్ల దగ్గర ఇచ్చి సంతకం తీసుకోవాల్సిన అసైన్‌మెంట్ల కట్ట ఇంట్లోనే ఉండిపోయింది. జూన్ పరీక్ష వాయిదా పడింది. పేరుకు దూరవిద్యే అయినా దాన్ని నడిపింది కాగితం, తపాలా, మనిషి కాళ్లు. ఆ దారిని ఫోను దారిగా ఎలా మలిచారో ఒక విద్యార్థి వెంట నడుస్తూ చూద్దాం. పాడేరు దగ్గర పల్లెలో ఉండి డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి అనుకుందాం. ఆమెది విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రం.

మొదటి మెట్టు ఇగ్నో పుస్తకం. పక్కన మాస్టారు ఉండరన్న ఎరుకతో రాసిన పుస్తకమిది. ఏం నేర్చుకోబోతున్నామో యూనిట్ మొదట్లోనే చెబుతుంది. మధ్యలో ఆగి ప్రశ్న అడుగుతుంది, జవాబు రాయడానికి గీతలు గీసి చోటిస్తుంది, సరిచూసుకోవడానికి చివర్లో జవాబులిస్తుంది. ఇగ్నో పాఠాలు దాని ఆన్‌లైన్ భాండాగారం ఈ-జ్ఞానకోశ్‌లో పీడీఎఫ్‌లుగా ముందే ఉన్నాయి కాబట్టి ఈ మెట్టు తేలిగ్గానే గడిచింది. అయితే ఆ ఖాళీ గీతల మీద ఫోనులో రాయలేం. ఫోను పక్కన నోటుబుక్కు పెట్టుకుని, ప్రశ్న వచ్చినచోట ఆగి, జవాబు రాశాకే ముందుకు జరపాలి. అలా ఆగకుండా తెరను పైకి తోసుకుంటూ పోతే యూనిట్ అయిపోతుంది గానీ చదువు కాదు.

తర్వాత క్లాసు. అధ్యయన కేంద్రంలో పాఠం చెప్పే కౌన్సెలర్లు ఫేస్‌బుక్ లైవ్‌లోకి, యూట్యూబ్‌లోకి వచ్చారు. జ్ఞాన్‌దర్శన్ టీవీ, జ్ఞానవాణి రేడియో, వినేవాళ్లు ఫోను చేసి సందేహం అడిగే కార్యక్రమాలు ఇగ్నోకు పాత అలవాటే, వాటినే పెంచారు. ఏజెన్సీ పల్లెలో లైవ్ వీడియో చూడాలంటే సిగ్నల్ కోసం గట్టు ఎక్కాలి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామాల్లో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న కుటుంబాలు సుమారు 15 శాతమే. అందుకే నా దృష్టిలో ఈ మెట్టులో అసలు ఆదుకున్నది డిష్ యాంటెన్నా. స్వయంప్రభ అనే విద్యా టీవీ చానళ్లు ఉపగ్రహం నుంచి నేరుగా, ఉచితంగా ఇంట్లోకి వస్తాయి, డేటా ఖర్చు ఉండదు.

అసలు చిక్కు అసైన్‌మెంట్‌తో వచ్చింది. మార్కుల్లో దానికి సాధారణంగా 30 శాతం వాటా. అది ఇవ్వకపోతే కోర్సు పూర్తికాదు. గడువు పొడిగిస్తూ పోయారు. ప్రాంతీయ కేంద్రాలు ఈమెయిల్ చిరునామాలు, గూగుల్ ఫారాలు ఇచ్చాయి. జవాబులు మాత్రం చేత్తోనే రాయాలి. కాబట్టి మన అమ్మాయి పని ఇలా సాగాలి. ప్రతి పేజీ పైన ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, పేజీ సంఖ్య వేయాలి. వెలుతురున్నచోట, నీడ పడకుండా, ఫోనును పేజీకి సమాంతరంగా పట్టుకుని ఒక్కో పేజీ తీయాలి. కోర్సుకు ఒకటే పీడీఎఫ్ చేయాలి, ఫైలు పేరులోనే నంబరు, కోడ్ ఉండాలి. ఈ పనికి చాలామంది వాడుతున్న క్యామ్‌స్కానర్‌ను ప్రభుత్వం జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. గడువు మధ్యలో కొత్త యాప్ వెతుక్కోవాల్సి వచ్చింది.

ఫైలు పంపడంతో పని సగమే అయినట్టు. పాత పద్ధతిలో బల్ల దగ్గర చేతికి అందే రసీదు చిన్న కాగితమే, కానీ విద్యార్థికి అదే ధైర్యం. కొత్త పద్ధతిలో ఆ స్థానం వెంటనే తిరిగొచ్చే మెయిల్‌ది. అది రాకపోతే ఫైలు చేరిందో లేదో ఆమెకు తెలిసే దారి లేదు. అవతల ప్రాంతీయ కేంద్రంలో ఫైళ్లను కోర్సులవారీగా వేరుచేసి దిద్దేవారికి పంపాలి. అడ్డంగా తిరిగిన పేజీలు, చదవరాని నీడలు వాళ్ల కళ్ల ముందుకొస్తాయి. దిద్దాక మార్కులు జాబితాకు ఎక్కించాలి. ఒకప్పుడు దిద్దిన కాగితం విద్యార్థికి తిరిగొచ్చేది, పక్కన ఎర్రసిరా మాటలతో. దూరవిద్యలో గురువుకూ శిష్యుడికీ మధ్య చేతిరాతతో జరిగే మాటామంతీ ఇదొక్కటే. ఈ మార్పులో అన్నిటికన్నా తేలిగ్గా జారిపోయేదీ ఇదే, అన్నిటికన్నా ఎక్కువగా కాపాడాల్సిందీ ఇదే.

ఇక పరీక్ష. చివరి ఏడాది పరీక్షలు సెప్టెంబరు నెలాఖరుకు జరపాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) జూలై 6న చెప్పింది, ఆగస్టు 28న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇగ్నో చివరి ఏడాది విద్యార్థులకు సెప్టెంబరు 17న పరీక్షలు మొదలుపెట్టింది. హాల్‌టికెట్ వెబ్‌సైట్ నుంచి దించుకోవాలి. మాస్కు, ఎడంగా వేసిన బెంచీలు. పెన్ను, కాగితం మాత్రం మారలేదు.

విశ్వవిద్యాలయాలకు ఒక విన్నపం. పీడీఎఫ్ ఉందని పుస్తకం మానకండి, లైవ్ ఉందని టీవీ, రేడియో పాఠం ఆపకండి. ప్రతి అధ్యయన కేంద్రంలో ఒక స్కానరు, దాని పక్కన రసీదు ఇచ్చే ఒక మనిషి ఉండేలా చూడండి. దిద్దిన ప్రతి అసైన్‌మెంట్‌తో పాటు రెండు వాక్యాలైనా రాసి పంపండి.