సైకిలు దీపం: చూచుటకు, కనబడుటకు

మన కళాశాల విద్యార్థులలో సైకిలుపై వచ్చేవారు నేటికీ తక్కువ కాదు. సాయంకాలపు ట్యూషన్లు, దుకాణాలలో పని, గ్రంథాలయ పఠనం ముగించుకొని చీకటి పడిన పిమ్మట ఇల్లు చేరేవారు కొందరు. రంజాన్ మాసంలో తరావీహ్ నమాజు ముగించి రాత్రి పొద్దుపోయిన తరువాత మరలి వెళ్లేవారు మరికొందరు. వీరందరి ప్రాణరక్షణతో ముడివడిన వస్తువు సైకిలు దీపం. అయినను సైకిలు కొనేటప్పుడు రంగును, సీటును, బ్రేకులను శ్రద్ధగా పరిశీలించే మనం, దీపం విషయంలో మాత్రం దుకాణదారుడు ఇచ్చినదే పుచ్చుకుంటాము. లేదా అసలు లేకుండానే సరిపెట్టుకుంటాము. మిక్కిలి ప్రకాశవంతమైన దీపాలు చవకగా లభించడంతో, ఎంత వెలుగు ఉంటే అంత మేలు అనే అభిప్రాయం ప్రబలింది. ఆ అభిప్రాయంలో సగమే సత్యమున్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉర్దూలో ‘చరాగ్ తలే అంధేరా’ అనీ, తెలుగులో ‘దీపం క్రింద చీకటి’ అనీ ఒకే సామెత ఉన్నది. సైకిలు నడిపేవారి విషయంలో ఇది అక్షరాలా నిజం. దీపం ముందున్న దారిని చూపుతుంది. దాని వెనుక కూర్చున్న మనిషి చీకటిలోనే ఉంటాడు. కావున సైకిలు దీపానికి మూడు ధర్మాలు కలవు: మనకు దారి చూపడం, ఇతరులకు మనలను చూపడం, ఎదుటివారి కళ్లు చెదరగొట్టకుండా ఉండడం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా, అది ఎంత ప్రకాశించినా మంచి దీపం కాదు.

చమురు దీపం నుండి ఎల్.ఇ.డి. వరకు

తొలినాళ్లలో గాజు బిళ్ల అమర్చిన చిన్న డబ్బాలో చమురు దీపం వెలిగించి సైకిలుకు తగిలించేవారు. తరువాత కార్బైడు దీపాలు వచ్చినవి. వీటిలో కాల్షియం కార్బైడుపై నీరు బొట్టుబొట్టుగా పడి ఎసిటిలీన్ వాయువు పుట్టేది. అది తెల్లని మంటతో వెలిగేది. అటు పిమ్మట, 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఆధారంగా పనిచేసే డైనమో వాడుకలోకి వచ్చింది. టైరుకు ఒరుసుకొని తిరిగే ఆ డైనమో మన వీధులలో దశాబ్దాల తరబడి చిరపరిచితం. దీపం లేని సైకిలును పోలీసులు ఆపి జరిమానా విధించిన రోజులు పెద్దలకు ఇంకను జ్ఞాపకమే.

సాధారణ డైనమో సామర్థ్యం 6 వోల్టులు, 3 వాట్లు. అందులో 2.4 వాట్లు ముందుదీపానికి, 0.6 వాటు వెనుకదీపానికి వినియోగమయ్యేవి. తంతువుగల చిన్న బల్బు వాటుకు సుమారు 10 ల్యూమెన్ల కాంతిని మాత్రమే ఇచ్చేది. శక్తిలో అధికభాగం వేడిగా వ్యర్థమయ్యేది. నేటి తెల్లని ఎల్.ఇ.డి. వాటుకు 100 ల్యూమెన్లకు పైగా ఇవ్వగలదు. దీనికి మూలమైన నీలికాంతి ఎల్.ఇ.డి.ని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అనే శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది. నీలికాంతిలో కొంత భాగాన్ని ఫాస్ఫర్ పూత పసుపు కాంతిగా మార్చగా, రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనబడతాయి. ఈ విధంగా అదే శక్తితో పదింతల వెలుగు చేతికి వచ్చింది. వెలుగుకు కొరత తీరినందున, ఆ వెలుగును ఎక్కడ ప్రసరింపజేయాలన్నదే నేటి ప్రశ్న.

ల్యూమెను వేరు, లక్సు వేరు

దీపం పెట్టెపై ముద్రించే ల్యూమెన్ల సంఖ్య, ఆ దీపం వెదజల్లే మొత్తం కాంతిని తెలుపుతుంది. ఒక చదరపు మీటరు స్థలంపై ఎంత కాంతి పడుతున్నదో తెలిపేది లక్సు. కుండలోని నీరు ల్యూమెను అనుకుంటే, మొక్క మొదట పడిన నీరు లక్సు. నీరంతా గట్టుపై పోస్తే మొక్కకు ప్రయోజనం లేనట్లే, చెట్ల కొమ్మలపై పడిన కాంతి వలన దారికి ప్రయోజనం లేదు. గుండ్రని కాంతిపుంజం గల టార్చి వంటి దీపాలలో జరిగేది ఇదే.

మరొక సంగతి: కాంతి దూరవర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. 10 మీటర్ల వద్ద 10 లక్సులు ఇచ్చే దీపం, 20 మీటర్ల వద్ద 2.5 లక్సులే ఇస్తుంది. జర్మనీ దేశపు నియమాలు సైకిలు ముందుదీపం 10 మీటర్ల దూరాన కనీసం 10 లక్సులు ఇవ్వాలని కోరుతూ, పైవైపు ప్రసరించే కాంతికి హద్దు విధించినవి. నిండు వెన్నెల కాంతి సుమారు పావు లక్సు మాత్రమేనని గుర్తుంచుకుంటే, సక్రమంగా ప్రసరించిన కొద్దిపాటి కాంతియే ఎంత ఉపకరిస్తుందో బోధపడుతుంది.

ఎంత దూరం కనబడాలి?

దీనికి సులభమైన లెక్క ఉన్నది. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 5.6 మీటర్లు. గుంటను చూచి బ్రేకు పట్టేలోగా సెకనున్నర గడుస్తుందనుకుంటే, సైకిలు 8 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. బ్రేకు పడిన తరువాత ఆగడానికి మరి 5 మీటర్లు. అనగా దారి కనీసం 15 మీటర్ల వరకు స్పష్టంగా కనబడాలి. వానలో బ్రేకులు తడిసినప్పుడు ఈ దూరం చాలదు. వేగం తగ్గించడమే మార్గం.

ఇప్పుడు వెనుకనుండి వచ్చే కారును గురించి ఆలోచిద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనున్నరలో 25 మీటర్లు పోతుంది. బ్రేకు పట్టిన పిమ్మట ఆగడానికి ఇంచుమించు అంతే దూరం కావాలి. మొత్తం సుమారు 50 మీటర్లు. నల్లని దుస్తులు ధరించిన మనిషి, డిమ్ములో ఉన్న కారు దీపాల వెలుగులో అంత దూరాన కనబడడం కష్టం. డ్రైవరు చూచేసరికే ఆగే వ్యవధి మించిపోతుంది. ఇక్కడ మన ముందుదీపం ఎంత గొప్పదైనను అక్కరకు రాదు. ప్రాణం నిలిపేది వెనుకనున్న చిన్న ఎర్రదీపమే. అది 100 మీటర్లకు పైగా కనబడాలి. కావున చేతిలో ఒక్క దీపానికే డబ్బున్నవారు, వీధిదీపాలున్న రోడ్డుపై తిరిగేవారైతే, మొదట వెనుకదీపమే కొనడం వివేకం.

ఎంపికలో, అమరికలో జాగ్రత్తలు

వీధిదీపాలున్న పట్టణపు రోడ్లకు 100 ల్యూమెన్ల ముందుదీపం చాలును. ఊరి వెలుపలి చీకటి దారులకు 200 నుండి 400 ల్యూమెన్లు కలిగి, కాంతిని క్రిందికి పరిచే అద్దం గల దీపం తగినది. పెట్టెపై ముద్రించిన వెలుగు ఎన్ని గంటలు నిలుస్తుందో తప్పక అడగాలి. 2600 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.6 వోల్టులు గల లిథియం అయాన్ సెల్లులో సుమారు 9.4 వాటుగంటల శక్తి ఉంటుంది. అది 3 వాట్ల దీపాన్ని సుమారు 3 గంటలు వెలిగిస్తుంది. ఇంతకంటే మిక్కిలి ఎక్కువ చెప్పే పెట్టెను నమ్మరాదు. ఉబ్బిన సెల్లును వెంటనే విడిచిపెట్టాలి. ఐ.పి.ఎక్స్.4 అన్న గుర్తు ఉంటే వాన జల్లుకు దీపం తట్టుకుంటుంది.

దీపాన్ని హాండిలుకు గాని, అంతకంటే కొంచెం క్రిందుగా గాని బిగించడం మేలు. తలకు కట్టుకొనే దీపం కంటికి మరీ చేరువగా ఉండుట వలన గుంతల నీడలు మరుగుపడి, నేల చదునుగా తోస్తుంది. వెనుకదీపం సీటు క్రింద గాని మడ్‌గార్డుపై గాని ఉండాలి. కారియరుపై పెట్టిన సంచి, వ్రేలాడే శాలువా దానిని కప్పివేయరాదు. మిణుకుమిణుకుమనే దీపం చూపును ఆకర్షిస్తుంది గాని, సైకిలు ఎంత దూరాన ఉన్నదో అంచనా వేయనీయదు. అందుచేత రాత్రివేళ నిలకడగా వెలిగేదే మేలు.

బాటరీ ఎప్పుడైనా ఆరిపోవచ్చును. ప్రతిఫలకానికి బాటరీ అక్కరలేదు. వెనుక ఎర్రది, ముందు తెల్లది, పెడళ్లకు పసుపు రంగువి ఉండాలి. పైకి క్రిందికి కదిలే పెడలు మెరుపును చూచి డ్రైవరు అది సైకిలని వెంటనే గుర్తిస్తాడు. సైకిళ్ల ప్రతిఫలకాల నాణ్యతపై కేంద్రప్రభుత్వం 2020లో ప్రత్యేకమైన ఉత్తర్వు వెలువరించడం వీటి ప్రాముఖ్యాన్ని తెలుపుతుంది. వాటిపై పేరుకొన్న బురదను వారానికొకసారి తుడవడం మన వంతు.

ఎదుటివారి కన్ను

చీకటికి మన కన్ను పూర్తిగా అలవడడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును చెరచడానికి ఒక్క క్షణపు తీవ్రకాంతి చాలు. మన దీపం వలన కళ్లు చెదిరిన పాదచారి గుంతలో పడవచ్చును. స్కూటరు నడిపేవారు మనపైకే రావచ్చును. కావున దీపాన్ని వంచి బిగించుటయే దాన్ని కొనడం కంటే ముఖ్యం. దానికొక సులభోపాయం కలదు. గోడకు 5 మీటర్ల దూరాన సైకిలును నిలిపి, నేలనుండి దీపం ఎత్తును కొలవండి. కాంతిపుంజం నడిభాగం గోడపై ఆ ఎత్తులో మూడింట రెండు వంతుల వద్ద పడాలి. దీపం 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, గోడపై 60 సెంటీమీటర్ల వద్ద అన్నమాట. అప్పుడు ఆ కాంతి సరిగా 15 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. పైన లెక్కించిన దూరం ఇదే.

కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం ఒక్కటి. సైకిలు స్టాండు గోడపై 60 సెంటీమీటర్ల ఎత్తున ఒక తెల్లని గీత, గోడకు 5 మీటర్ల దూరాన నేలపై మరొక గీత గీయించవలెను. వీటికి కావలసినది కొంత సున్నము, ఒక కొలత టేపు మాత్రమే. దీపం 90 సెంటీమీటర్ల కంటే ఎక్కువ లేదా తక్కువ ఎత్తున ఉన్నవారు ఆ గీతకు తగినట్లు లెక్క సరిచేసుకోవచ్చును. జాతీయ సేవా పథకం విద్యార్థులు నెలకొక సాయంత్రం అక్కడ నిలిచి, తోటివారి దీపాలను సరిచేయగలరు. దీపం కొనే శక్తి లేని విద్యార్థులకు పేద విద్యార్థుల సహాయనిధి నుండి ఒక ఎర్రదీపం, ఒక ప్రతిఫలకం ఇప్పించినచో, ఇంటి గుమ్మంలో రాత్రివేళ ఎదురుచూచే తల్లిదండ్రులకు అంతకు మించిన ఉపకారం వేరొకటి ఉండదు.