పాత పడవ కొనేముందు మీ పట్టుదలను లెక్కగట్టండి

వేసవిలో డల్లాస్ శివార్లలోని లూయిస్‌విల్ లేక్‌కి వెళ్ళి, నీళ్ళమీద సాగిపోయే చిన్న బోట్లను చూస్తూ, "మనకూ ఒకటుంటే పిల్లల్ని చేపలవేటకు తీసుకెళ్ళొచ్చు కదా" అనుకున్న తెలుగువాళ్ళు ఎందరో! కొత్తది కొనాలంటే వేల డాలర్లు. ఇంతలో తెలిసినవాళ్ళెవరో కబురు తెస్తారు. పద్నాలుగడుగుల అల్యూమినియం బోటు, మోటారు, ట్రైలర్ అన్నీ కలిపి 800 డాలర్లకే ఇస్తున్నారట, కాస్త రిపేర్లున్నాయట. చెయ్యి జేబులోకి పోతుంది. సరిగ్గా అప్పుడు ఆగి ఆలోచించగలగడమే వ్యక్తిత్వం.

అలాంటి బోటు కొనడం తప్పని నేననను. దాన్ని బాగుచేసే పని మనిషికి ఓర్పునూ చేతికి నేర్పునూ ఇస్తుంది. అయితే కొనాలా వద్దా అన్నది సగం బోటును బట్టి, సగం మనల్ని బట్టి తేలాలి.

ముందు బోటును చూడండి

అల్యూమినియం తేలిక. ఇనుములా తుప్పుపట్టి రాలిపోదు. అందుకే దశాబ్దాల నాటి బోట్లు ఇంకా చేతులు మారుతున్నాయి. అయినా వాటికీ జబ్బులుంటాయి. బోటు ట్రైలర్ మీద ఉండగానే లోపల కొద్దిగా నీళ్ళు పోసి అడుగున చూడండి. రివెట్లు వదులైన చోట చుక్కలు దిగుతాయి. వదులైన రివెట్లను మళ్ళీ బిగించవచ్చు, మార్చవచ్చు. మోటారు బిగించే వెనుక పలకను ట్రాన్సమ్ అంటారు. మోటారును పట్టుకుని ఊపితే ఆ పలక కూడా కదిలిందంటే లోపలి చెక్క కుళ్ళిందని అనుమానించాలి. చెక్క మార్చడం శ్రమే కానీ ఇంట్లో చేసుకోగల పని. పాత యజమాని రాగి కలిసిన మందు పట్టించిన చెక్క వాడి ఉంటే మాత్రం, తడి తగిలిన చోట అల్యూమినియానికే గుంటలు పడతాయి. పలుచని అడుగురేకుకు గుంటలూ పగుళ్ళూ ఎక్కువగా ఉంటే అనుభవజ్ఞుడైన వెల్డరే కావాలి. మోటారు గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే లోపలికి నీళ్ళు చేరినట్టే. టెక్సాస్‌లో బోటుకూ ఔట్‌బోర్డ్ మోటారుకూ వేర్వేరు టైటిళ్ళుంటాయి. ఆ కాగితాలు లేని బేరానికి అక్కడికక్కడే నమస్కారం పెట్టండి.

తరవాత మనల్ని చూసుకోవాలి

ఎలుకల నుంచి గోచీని కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చుకుని చివరికి సంసారంలో పడ్డ సన్యాసి కథ మనందరికీ తెలుసు. పాత బోటు సంగతీ అంతే. ట్రాన్సమ్ మారుద్దామంటే మోటారు దించాలి. దించాక దాని సీళ్ళు అరిగాయని తెలుస్తుంది. ఆ వెంటనే ట్రైలర్ బేరింగులు గుర్తొస్తాయి. రిపేరు ఎప్పుడూ ఒంటరిగా రాదు.

పైగా మన అంచనాలు ఎప్పుడూ ఆశవైపే మొగ్గుతాయి. రోజర్ బ్యూలర్ బృందం 1994లో ప్రచురించిన అధ్యయనంలో, తమ థీసిస్ సుమారు 34 రోజుల్లో పూర్తవుతుందని విద్యార్థులు సగటున చెప్పారు. పట్టింది 55 రోజులకు పైనే. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే చెప్పిన గడువు కూడా చాలలేదు. కాబట్టి "రెండు వారాంతాల్లో అయిపోతుంది" అని మనసు చెబితే నాలుగనుకోండి.

స్వయంగా చేసిన వస్తువంటే మనకు మక్కువ ఎక్కువ. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఆరియలీ ప్రచురించిన ప్రయోగాలు ఈ సంగతిని నిరూపించాయి. అందులోనే ఇంకో పాఠం ఉంది. పని పూర్తయినప్పుడే ఆ మక్కువ కనిపించింది, మధ్యలో ఆగినచోట కనిపించలేదు. సగం విప్పిన బోటు గరాజ్‌లో పడి ఉంటే అది మన ఆత్మవిశ్వాసాన్ని రోజూ కొంచెం కొంచెంగా తినేస్తుంది.

మూడు మాటలు రాసుకోండి

డబ్బు ఇచ్చేముందు కాగితం మీద మూడు విషయాలు రాయండి. బోటు ధర, రిపేర్లు, కాగితాల రుసుములు అన్నీ కలిపి ఎంతకు మించి ఖర్చుపెట్టరో ఒకటి. వారానికి ఎన్ని గంటలు నిజంగా ఇవ్వగలరో రెండు. ఏ లోపం కనిపిస్తే వెనక్కి తిరుగుతారో మూడు. ఆ కాగితాన్ని ఇంట్లోవాళ్ళకు చూపించండి. పోయే ఆదివారాలు వాళ్ళవి కూడా. ఆపైన మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి: ఇంతకుముందు మొదలుపెట్టినవాటిలో ఎన్ని పూర్తిచేశాను?

జవాబు ధైర్యమిస్తే కొనండి, పిల్లల చేతికీ రెంచ్ ఇవ్వండి. ధైర్యం రాకపోతే, ముందు ఇంట్లో ఆగిపోయిన పనుల్లో ఒకదాన్ని ముగించండి. బోట్లు మళ్ళీ అమ్మకానికొస్తాయి. పట్టిన పని పూర్తిచేసే అలవాటు మాత్రం ఎక్కడా అమ్మరు. దాన్ని మీరే తయారుచేసుకోవాలి.