కోరంగి ధనము, బోస్టను ప్రయాణము

కోరంగి రేవు పేరు వినగానే మన యిండ్లలో ఓడ యెక్కిన ముత్తాతల ప్రస్తావన వచ్చును. ఆ కోరంగివాడే అయిన మల్లాడి సత్యలింగ నాయకరు రంగూను పోయి, కాయకష్టముతో ఆరంభించి గొప్ప ధనము గడించి, దానిని కాకినాడలో ధర్మకార్యములకు వ్రాసి యిచ్చెను. ఒక ఆంధ్ర యువకుడు అమెరికా చేరుటకు తోడ్పడినది ఆ కష్టార్జితమే. మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పవలెను.

ఆ యువకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరములో జన్మించెను. బాల్యములో, కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి పారిపోగా, తల్లి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పి మూడవసారి గట్టెక్కెను. పిమ్మట రామకృష్ణ మఠములో చేరి సన్న్యసింపగోరెను, తల్లి అంగీకరింపలేదు. వైద్యము నేర్చి ప్రజలను సేవింపుమని మఠమువారు బోధించిరి. ఆయనను ప్రయోగశాల వైపు మరల్చినది భక్తియే యనుట వింతగా తోచవచ్చును. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు యల్.యం.యస్. మాత్రమే పొందెను. సోదరుడు స్ప్రూ అను అతిసార వ్యాధితో మరణించుట మనస్సున ముల్లువలె నాటుకొనెను.

1920ల తొలి సంవత్సరములలో ఆయన బోస్టను చేరెను. నాయకరు ధర్మసంస్థ చేసిన వాగ్దానము, మామగారు కూర్చిన సొమ్ము, ఇవియే ఆధారములు. మూడేండ్లలో తిరిగి వత్తునని భార్య శేషగిరికి మాట యిచ్చెను. హార్వర్డులో ఉష్ణదేశ వైద్యము చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగెను. చెరకుతోటల కూలి యెరిగిన వంశములవారికి ఈ మాట వేరుగా వివరింప నక్కరలేదు. భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని అమెరికా సుప్రీం కోర్టు 1923లో తీర్పు చెప్పెను; ఆ అడ్డు 1946 వరకు తొలగలేదు.

1925లో ఫిస్కెతో కలిసి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అది నేటికిని వారిరువురి పేరనే పిలువబడుచున్నది. ఆ కొలత చేతికి వచ్చినపిదప కండరములలో ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి. అను పదార్థములు బయలుపడెను. దేహము శక్తిని నిలువచేసికొని వ్యయించు మార్గము వీనివలన తెలియవచ్చెను. అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి నీయలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు పోయి పరిశోధనకు నాయకుడయ్యెను. అక్కడ ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరుని బలిగొన్న స్ప్రూకు అది ఔషధమయ్యెను. పిల్లల రక్తపు క్యాన్సరుపై ఫార్బరు వైద్యుడు ప్రయోగించిన మందులును అక్కడివే.

ఆ మూడేండ్లు ఎన్నడును పూర్తి కాలేదు. ఆయన స్వదేశమునకు మరలలేదు. తండ్రి పరదేశమున నుండగానే పసికుమారుడు గతించెను. సుబ్బారావును గూర్చిన వ్యాసములలో శేషగిరి పేరు ఒక పంక్తితో ముగియుచుండును. అది న్యాయము కాదు. ఆయన ఎన్నుకొనిన సాహసమును ఆమె ఎన్నుకొనకయే భరించినది.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున ఆయన మరణించెను. అంతకు ముందటి యేట ఆయన బృందము వెలువరించిన హెట్రజాను అను మందు బోదకాలు వ్యాధికి వాడబడెను. భీమవరము వంటి గోదావరి ప్రాంతపు ఊళ్లు ఆ వ్యాధిని తరతరములుగా ఎరుగును. 2004 తరువాత ప్రభుత్వము ఆ మాత్రలనే ఇంటింటికి పంచినది.