విశ్వానికి ఆరంభం ఉందా? లోకాలు ఎన్ని?

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం గుంటూరులో సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా కనుమరుగయ్యాడు. ఆ సంపూర్ణ గ్రహణాన్ని చూడటానికి పియెర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్స్ నుండి మద్రాసు మీదుగా గుంటూరు వచ్చాడు. పట్టణంలో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట్లో బస చేసి, తన పరికరాలు అక్కడే అమర్చుకున్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మేజర్ టెనంట్ బృందం కూడా గుంటూరులోనే విడిది చేసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలోనూ, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలోనూ అదే గ్రహణాన్ని పరిశీలించారు.

సూర్యుని అంచున ఎర్రటి జ్వాలల్లా కనిపించేవి ఏమిటన్నది వారి ప్రశ్న. వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటదర్శినితో చూస్తే, అవి మండే వాయువులనీ, వాటిలో ముఖ్యమైనది హైడ్రోజన్ అనీ తేలింది. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చునని జాన్సెన్‌కు తట్టింది. మరునాడు గుంటూరులోనే మామూలు ఎండలో వాటిని చూశాడు కూడా. ఆ వర్ణపటంలో ఒక పసుపు గీత ఉంది. అది ఉప్పులో ఉండే సోడియం గీత అని మొదట చాలామంది అనుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఆ గీత సోడియం గీతల చోట లేదని నిర్ధారించాడు. భూమి మీద ఎవరూ ఎరుగని ఆ మూలకానికి, సూర్యుడు అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుండి హీలియం అని పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే దాన్ని భూమి మీద ఒక యురేనియం ఖనిజంలో పట్టుకున్నాడు. హీలియాన్ని గుంటూరులోనే కనిపెట్టారని మనవాళ్లు గర్వంగా చెప్పుకోవటం కద్దు. నిజానికి కథ గుంటూరుతో మొదలైంది, పూర్తయింది మాత్రం మరోచోట.

గ్రహణం మాట వచ్చింది గనుక ఒక్క విషయం. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ గణితం ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27 అని పండితులు లెక్కగట్టారు. ఆ పసివాని మరణానికే సూర్యుడు చీకటైపోయాడని జనం అనుకుంటుంటే, దైవప్రవక్త (స) ఆ మాటను అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలనీ, ఎవరో చనిపోయారనో పుట్టారనో వాటికి గ్రహణం పట్టదనీ, గ్రహణం చూసినపుడు నమాజు చేసి దుఆ చేయమనీ బోధించారు (బుఖారీ, ముస్లిం). కన్న కొడుకును మట్టిలో పెట్టిన రోజున కూడా ఆయన ఒక తప్పు నమ్మకాన్ని తమ గౌరవానికి వాడుకోనివ్వలేదు. మన ఇళ్లలో మాత్రం గ్రహణం వేళ గర్భిణిని గదిలో పడుకోబెట్టి, కత్తిపీట ముట్టుకోనివ్వని అలవాటు ఇంకా పోలేదు!

పావలా హీలియం

ఇక ఆ పసుపు గీతకూ విశ్వం ఆరంభానికీ ఏమిటి సంబంధం? విశ్వంలోని మామూలు పదార్థాన్ని తూకం వేస్తే సుమారు ముప్పాతిక వంతు హైడ్రోజన్, పావు వంతు హీలియం ఉంటాయి. మిగిలినవన్నీ, అంటే మన ఒంట్లోని ఇనుము, చేలోని సున్నం, పీల్చే ప్రాణవాయువు అన్నీ కలిసినా బహు స్వల్పం. నక్షత్రాలు హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తూనే ఉన్నాయి. కాని అవి ఇంతకాలంగా తయారుచేసింది ఈ పావలాలో చిన్న భాగమే. నక్షత్రాల పని అంతగా జరగని వాయుమేఘాల్లో కూడా హీలియం ఇంచుమించు పావు వంతు కనిపిస్తుంది. అంటే అది నక్షత్రాల కంటే ముందే తయారై ఉండాలి.

మహా విస్ఫోట సిద్ధాంతం, అంటే బిగ్ బ్యాంగ్, దీనికి జవాబు చెబుతుంది. సుమారు 1,380 కోట్ల సంవత్సరాల క్రితం విశ్వం ఊహకందనంత వేడిగా, సాంద్రంగా ఉండేది. అది విస్తరిస్తూ చల్లబడింది. మొదటి కొద్ది నిమిషాల్లో ప్రతి ఒక్క న్యూట్రాన్‌కు ఏడు ప్రోటాన్లు చొప్పున మిగిలాయి. రూపాయికి పదహారణాల లెక్క తెలిసిన పెద్దవారికి ఇది సులభం. పదహారు కణాలు తీసుకుంటే రెండు న్యూట్రాన్లు, పద్నాలుగు ప్రోటాన్లు. ఆ రెండు న్యూట్రాన్లు రెండు ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం కేంద్రకమైతే నాలుగణాలు పోయాయి. మిగిలిన పన్నెండణాలు హైడ్రోజన్. సిద్ధాంతం చెప్పే లెక్కా, ఆకాశంలో కొలిచిన లెక్కా సరిపోయాయి. ఆ తొలి వేడి తాలూకు శేష కిరణాలను పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1964లో అమెరికాలో గుర్తించారు, 1965లో ప్రకటించారు. గుంటూరు ఎండలో కనిపించిన ఆ గీత వెనుక ఇంత చరిత్ర ఉంది.

అయితే ఈ సిద్ధాంతం ఎంతవరకు చెబుతుందో అంతవరకే తీసుకోవాలి. విశ్వం ఒకప్పుడు వేడిగా, దట్టంగా ఉండి విస్తరించిందని అది చెబుతుంది. ఆ మొట్టమొదటి క్షణంలో ఏమైంది, దానికి ముందు ఏమిటి అన్నచోట భౌతికశాస్త్రం చేతిలో నేడు లెక్క లేదు. శూన్యం నుండి సృష్టి జరిగిందని సైన్సు రుజువు చేసిందని మన వేదికలపై కొందరు వక్తలు అంటుంటారు. అది సైన్సు అనని మాట.

ఆయతులను ఎలా చదవాలి?

దివ్యఖుర్ఆన్‌లో భూమ్యాకాశాలు ఒకప్పుడు కలిసి ఉండేవనీ, తర్వాత అల్లాహ్ వాటిని విడదీశాడనీ, ప్రాణమున్న ప్రతిదాన్నీ నీటితో చేశాడనీ తెలిపే ఆయత్ ఉంది (21:30). దీన్ని చదవగానే బిగ్ బ్యాంగ్ అనేయటం నేటి వాడుక. తొలితరం వ్యాఖ్యాతలు ఏమన్నారో చూడండి. రెండూ అతుక్కుని ఉండగా అల్లాహ్ వేరు చేశాడని కొందరన్నారు. ఆకాశం వాన కురవకుండా, భూమి మొలకెత్తకుండా మూసుకుని ఉంటే, ఒకదాన్ని వానతోనూ మరొకదాన్ని పైరుతోనూ తెరిచాడని ఇబ్ను అబ్బాస్ (రజి) నుండి వచ్చిన వివరణ. కనిగిరి, పొదిలి మెట్టల్లో ఆషాఢం దాటినా మబ్బు కోసం ఎదురుచూసే రైతుకు ఈ రెండో అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. నీటి ప్రస్తావన అదే ఆయతులో ఉంది కదా!

విశ్వ విస్తరణ గురించి కూడా అంతే. ఆకాశాన్ని శక్తితో నిర్మించి విశాలం చేసేవాడను నేనేనని అల్లాహ్ తెలిపిన ఆయతుకు (51:47) పూర్వ వ్యాఖ్యాతలు విశాలత, శక్తి సామర్థ్యాలు అనే అర్థాలు చెప్పారు. 1929లో హబుల్ పరిశోధన తర్వాత విస్తరణ అనే అర్థం ప్రచారంలోకి వచ్చింది. ఆ పదానికి ఆ అర్థం పొసగదని మేము అనటం లేదు. కాని విస్తరణ ఉన్నంత మాత్రాన ఆరంభం ఉన్నట్లు కాదు. 1948లో వచ్చిన స్థిరస్థితి సిద్ధాంతం విశ్వం విస్తరిస్తోందని ఒప్పుకుంటూనే దానికి ఆరంభమే లేదంది. ఆనాడు ఎవరైనా ఆయతును ఆ సిద్ధాంతానికి ముడివేసి ఉంటే, 1965 తర్వాత ఆ ముడి విప్పుకోవలసి వచ్చేది.

మరో ఉదాహరణ. అల్లాహ్ ఆకాశాన్ని కాగితపు చుట్టలా చుట్టేస్తాడన్న ఆయతును (21:104) కొందరు విశ్వం తిరిగి ముడుచుకుపోతుందన్న మహా సంకోచ సిద్ధాంతానికి తగిలించారు. 1998లో విస్తరణ వేగం పెరుగుతోందని తేలి ఆ సిద్ధాంతం వెనుకబడింది. 2024, 2025లో డెసీ అనే గెలాక్సీల సర్వే ఫలితాలు ఆ వేగం పెరుగుదల తీరు కూడా మారుతోందేమోనన్న అనుమానం లేవనెత్తాయి. రేపు ఏమంటారో! ప్రళయ దినాన పర్వతాలు ఏకిన ఉన్నిలా అయిపోతాయని సూరా అల్ ఖారిఅ చెబుతుంది. దూది ఏకే పని తరతరాలుగా ఎరిగిన నూర్‌బాషా ఇళ్లలో ఆ భయాన్ని అర్థం చేసుకోవటానికి దూరదర్శిని అవసరం లేదు. భూమ్యాకాశాల సృష్టికి తాను ఎవరినీ సాక్షులుగా పిలవలేదని అల్లాహ్ తెలిపిన మాటను (18:51) ఈ చర్చలన్నిటిలో మరువరాదు.

వేరే విశ్వాలు

ఇప్పుడు ఇంజనీరింగు చదివే మన పిల్లలు తెచ్చే ప్రశ్న వేరు. విశ్వాలు అసంఖ్యాకంగా ఉన్నాయట, వాటిలో ఒకటి మనకు అనుకూలంగా కుదిరిందట, కాబట్టి సృష్టికర్త అక్కర్లేదట! ఇంట్లో పెద్దలు దీనికి కోపంతో జవాబిస్తే పిల్లవాడు నోరు మూసుకుంటాడే గాని, ప్రశ్న వాడి మనసులో అలాగే ఉండిపోతుంది.

మొదట, వేరే విశ్వాలు అనే మాటకు ఒకటి కాదు, చాలా అర్థాలున్నాయి. పర్చూరు, ఇంకొల్లు నల్లరేగడి చేలలో నిలబడి చూస్తే నేల ఆకాశాన్ని తాకే చోటు వరకే కనిపిస్తుంది. దాని అవతల ఊళ్లు లేవని ఎవరూ అనరు. అలాగే మనకు అన్ని వైపులా సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరం వరకే కనిపించే వీలుంది. ఆపైన ఉన్నచోటు నుండి వెలుగు ఇంకా మనల్ని చేరలేదు. దాని అవతల ఉన్నదాన్ని వేరే విశ్వం అనటం కంటే మన విశ్వంలోనే చూడని భాగం అనటం మేలు. రెండోది, 1981లో అలన్ గూత్ చెప్పిన అతివేగ విస్తరణ భావన నుండి వచ్చింది. కాగే పాలలో బుడగల్లా ఒక్కో చోట ఒక్కో విశ్వం ఏర్పడుతూ ఉండవచ్చునని ఆండ్రే లిండే వంటివారు లెక్కలు కట్టారు. మూడోది, 1957లో హ్యూ ఎవరెట్ అణు భౌతికశాస్త్ర సమీకరణాలకు ఇచ్చిన ఒక వ్యాఖ్యానం. వేరే బుడగ మన బుడగను తాకి ఉంటే శేష కిరణాల్లో మచ్చ ఏదైనా ఉంటుందేమోనని వెతికారు. గట్టి ఆధారం దొరకలేదు. కాబట్టి ఇవి నేటికి ఊహలే. పెద్ద మేధావుల ఊహలు కాబట్టి తేలిక చేయనక్కర్లేదు, నిరూపితమైనట్లు భయపడనూ అక్కర్లేదు.

రబ్బిల్ ఆలమీన్

రోజూ ఐదు పూటల ఫర్జ్ నమాజులోనే పదిహేడు రకాతుల్లో మనం సూరా ఫాతిహా చదువుతూ అల్లాహ్‌ను లోకాల ప్రభువు అంటున్నాము. ఆలమీన్ బహువచనం. అది వేరే విశ్వాలకు రుజువు అని తొందరపడి చెప్పేవారున్నారు. అరబీ వ్యాకరణంలో ఈ తరహా బహువచనం సాధారణంగా బుద్ధిగల ప్రాణులకు వాడతారు. అందుకే మానవులు, జిన్నాతులు అని ఒక వివరణ ఉంది. అల్లాహ్ తప్ప ఉన్నదంతా అని మరో వివరణ. ఆ ప్రభువు ఎవరని ఫిరౌను అడిగితే, భూమ్యాకాశాలకూ వాటి మధ్య ఉన్నదానికీ ప్రభువని మూసా (అలై) బదులిచ్చారు (26:23, 24). ఆ పదంలో ఇమిడినది ఇది. సంఖ్య అందులో లేదు.

అయితే సంఖ్య గురించి ధైర్యంగా ఆలోచించిన పండితుడు ఎనిమిది వందల సంవత్సరాల క్రితమే ఉన్నారు. హిజ్రీ 606లో హెరాత్‌లో మరణించిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (రహ్మ) తమ పెద్ద తఫ్సీరులో ఇదే ఆయతు వద్ద ఆగారు. లోకం ఒక్కటే ఉండటం సాధ్యమని అరిస్టాటిల్ బాట పట్టిన తత్వవేత్తలు వాదించేవారు. ఆ వాదనలు బలహీనమని రాజీ అన్నారు. సాధ్యమైన ప్రతిదానిపై అల్లాహ్‌కు అధికారం ఉన్నపుడు, ఈ లోకం బయట వేల వేల లోకాలను, ఒక్కొక్కటీ దీనికంటే పెద్దవిగా, వాటి ఆకాశాలు, భూములు, సూర్యచంద్రులతో సహా సృష్టించగల శక్తి ఆయనకు ఉందని వివరించారు. గమనించండి, అవి ఉన్నాయని ఆయన అనలేదు. ఉండటం అసాధ్యం కాదన్నారు. ఏడు ఆకాశాల వంటివే భూమిలోనూ ఉన్నాయన్న ఆయతు (65:12) కింద, ప్రతి భూమిలోనూ ఒక ఆదం ఉన్నాడన్న ఉల్లేఖనం ఒకటి ఇబ్ను అబ్బాస్ (రజి) పేర వస్తుంది. ఇమామ్ బైహఖీ దాని పరంపరను సరైనదంటూనే ఆ ఉల్లేఖనాన్ని షాజ్, అంటే మిగతా ఉల్లేఖనాలకు భిన్నంగా ఒంటరిగా నిలిచినది అన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశంలోని ఉలమాల మధ్య దీనిపై పెద్ద వాదోపవాదాలే జరిగాయి. ఆ వివాదాన్ని మళ్లీ తవ్వటం ఇక్కడ మా ఉద్దేశం కాదు.

ఇప్పుడు మన పిల్లవాని ప్రశ్నకు రండి. లక్ష మిరప విత్తనాలు చల్లితే ఒకటైనా మొలవదా, దానికి రైతు ఎందుకు అన్నట్టుంది ఆ వాదన. చేలో దిగినవారెవరైనా తిరిగి అడుగుతారు: ఆ లక్ష విత్తనాలు ఎక్కడివి? నేల ఎవరిది? తడి ఎవరు పెట్టారు? విశ్వాలు కోటి ఉన్నా, వాటిని పుట్టించే నియమం ఒకటి ఉండాలి. ఆ నియమం ఎక్కడిది అన్న ప్రశ్న కోటితో గుణించినా పోదు. ఒక్క విశ్వమే ఉన్నా మన విశ్వాసానికి లాభం లేదు, వెయ్యి ఉన్నా నష్టం లేదు.

దాని వెంటే పిల్లలు మరొకటి అడుగుతారు: మరి అల్లాహ్‌ను ఎవరు సృష్టించారు? ఈ ప్రశ్న వస్తుందని దైవప్రవక్త (స) ముందే తెలిపి, అక్కడికి చేరినపుడు అల్లాహ్ శరణు కోరి ఆగిపొమ్మన్నారు (బుఖారీ, ముస్లిం). ప్రశ్నకు భయపడి ఆగటం కాదిది. మొదలున్నదానికే మొదలుపెట్టినవాడు కావాలి. మొదలు లేనివానికి ఆ ప్రశ్నే వర్తించదు. పిల్లలను కసరకుండా ఇంతమాత్రం చెప్పగలిగితే చాలు.

బద్ర్ యుద్ధ ఖైదీలను విడిపించుకునే పనిమీద జుబైర్ బిన్ ముత్ఇమ్ మదీనా వచ్చారు. అప్పటికి ఆయన ముస్లిం కారు. మగ్రిబ్ నమాజులో దైవప్రవక్త (స) సూరా తూర్ చదవటం విన్నారు. వీరు ఏ సృష్టికర్తా లేకుండానే పుట్టుకొచ్చారా, లేక తామే సృష్టికర్తలా, భూమ్యాకాశాలను వీరే సృష్టించారా అని నిలదీసే ఆయతులు (52:35, 36) వచ్చేసరికి తన గుండె ఎగిరిపోతుందేమో అనిపించిందని ఆ తర్వాతి కాలంలో ఆయనే చెప్పారు. కొన్నేళ్లకు ఆయన ఇస్లాం స్వీకరించారు. ఆ మాటను ఇమామ్ బుఖారీ నమోదు చేశారు.