వ్యాపార విద్య: చేర్పించుటకు ముందు చూడవలసినవి

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల నేత కుటుంబముల పిల్లలు డిగ్రీ ముగించి ఎం.బి.ఏ. చదివెదమనుచున్నారు. సంతోషమే. కాని నంబరు, చిలప బరువు చూడక నూలు కొనువాడు మనలో లేడు. చదువునకును అట్టి పరీక్ష కావలెను. బ్యాంకు విద్యారుణ పత్రముపై తండ్రి సంతకము కూడ ఉండును; బిడ్డ తీర్చలేనిచో బాకీ తండ్రి మీదనే పడును.

1. గుర్తింపు: ఎం.బి.ఏ. పట్టమునిచ్చునది విశ్వవిద్యాలయము గాని, ఐ.ఐ.ఎం. వలె చట్టముచే ఆ అధికారము పొందిన సంస్థ గాని. పి.జి.డి.ఎం. డిప్లొమా మాత్రమే. దానిని నడుపు సంస్థ పేరు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి జాబితాలో ఉన్నదా చూడుడు. కరపత్రము మాట చాలదు.

2. ప్రవేశము: తమిళనాడులో ప్రభుత్వ కోటా సీట్లకు టాన్సెట్, ఐ.ఐ.ఎం.లకు క్యాట్ పరీక్షలు గలవు. సొమ్ము తీసికొని సీటిప్పించెదనను దళారిని నమ్మరాదు.

3. లెక్క: ఫీజు, హాస్టలు, పుస్తకములు కలిపి ఒక ప్రక్క వ్రాయుడు. రెండవ ప్రక్క, గత సంవత్సరము చదువు ముగించినవారి జీతములను వరుసగా పేర్చగా నడుమ నిలుచు జీతము వ్రాయుడు. ప్రకటనలోని పెద్ద జీతము ఒక్కనిది. ఉద్యోగము రానివారెందరో తప్పక అడుగుడు.

4. వృత్తి: చేనేతలోనే నిలువగోరువారికి సేలంలో 1960లో స్థాపించిన చేనేత సాంకేతిక విద్యాసంస్థ, వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరిటి సంస్థ కలవు. పదవ తరగతి పిదప మూడేండ్ల డిప్లొమా చదువవచ్చును. సహకార నిర్వహణ నేర్చుటకు పూనాలో వైకుంఠ మెహతా సంస్థ కలదు.

అచట చదివిన ఇద్దరిని విచారించి, అటుపిమ్మటనే సంతకము చేయుడు.