వేలి నుంచి పుట్టిన పువ్వు పేరు

‘డిజిటల్’ అనగానే మనకి లాజిక్ గేట్లూ, ఫ్లిప్‌ఫ్లాపులూ, ల్యాబ్ రికార్డూ గుర్తొస్తాయి. కానీ ఆ మాటకి దగ్గరి చుట్టం ఒక పూలమొక్క. దాని పేరు డిజిటాలిస్. వీటి బంధుత్వం ఏంటో చూద్దాం.

లాటిన్‌లో ‘డిజిటస్’ అంటే వేలు. దానికి ‘ఆలిస్’ ప్రత్యయం చేరిస్తే ‘డిజిటాలిస్’, అంటే వేలికి సంబంధించినది. మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాళ్లు కాబట్టి అంకె ‘డిజిట్’ అయింది. అంకెలతో నడిచేది డిజిటల్ అయింది.

మరి మొక్కకి వేలితో ఏం పని? యూరప్‌లో పెరిగే ఈ మొక్క కాడకి గొట్టాల్లాంటి పూలు వరసగా వేలాడతాయి. ఒక్కో పువ్వులో వేలు దూరుతుంది. అందుకే జర్మన్లు దీన్ని ‘ఫింగర్‌హూట్’ అన్నారు. విడదీస్తే ‘వేలి టోపీ’. కుట్టుపని చేసేవాళ్లు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగుకి కూడా అదే పేరు. 1542లో లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే జర్మన్ వైద్యుడు మూలికల గ్రంథం రాస్తూ, దీనికి గ్రీకు, లాటిన్ పేర్లు లేకపోవడంతో, జనం మాటనే లాటిన్‌లోకి మార్చి ‘డిజిటాలిస్’ అన్నాడు. 1753లో లిన్నేయస్ దాన్నే ప్రజాతి పేరుగా తీసుకుని, ఒక జాతికి డిజిటాలిస్ పర్‌ప్యూరియా అని పేరుపెట్టాడు. పర్‌ప్యూరియా అంటే ఊదారంగుది.

పేరు ముద్దుగా ఉన్నా మొక్కంతా విషమే. ఆ విషాన్నే మోతాదు జాగ్రత్తగా చూసుకుంటూ, ఒంటికి నీరుపట్టిన రోగులకి మందుగా ఇచ్చి, విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1785లో తన అనుభవాలని పుస్తకంగా రాశాడు. నేటికీ వాడే డిజాక్సిన్ అనే గుండెమందు ఇదే ప్రజాతిలోని డిజిటాలిస్ లనాటా నుంచి వస్తుంది. ‘లనాటా’ అంటే ఉన్నిలాంటి నూగు ఉన్నది.

మన భాషలోనూ వేలు ఖాళీగా లేదు. సంస్కృతంలో ‘అంగుళి’ అంటే వేలు. మనం టీవీని కొలిచే ‘అంగుళం’ అక్కడిదే. నాలుగు వేళ్ల వెడల్పు మనకి బెత్తెడు. రోమన్లకీ డిజిటస్ ఒక కొలత, వాళ్ల అడుగులో పదహారో వంతు.

సైన్సుకి తెలుగు మాటలు కుదరవని మనం తేలిగ్గా అనేస్తాం. గంభీరంగా వినిపించే ఈ లాటిన్ పేరు వెనకున్నది మాత్రం కుట్టుపెట్టెలోని మాట. ఫుక్స్ జనం ఏమంటున్నారో విని, దాన్నే శాస్త్రంలోకి తెచ్చాడు. ఈసారి ఒక కొత్త టెర్మ్ ఎదురైతే బట్టీపట్టే ముందు దాన్ని విడదీసి చూడండి. ఆ తర్వాత దానికి మన ఇంట్లో ఏ మాట సరిపోతుందో కూడా ఒకసారి వెతకండి.